బొమ్మలో చిత్రకారుని పాలు

భుజాన శవం, చేత కత్తి, శ్మశానంలో చలించని నడక: ఆ రాజు బొమ్మ తెలుగునాట రెండు మూడు తరాల పిల్లలకు కంఠస్థమైన పాఠం వంటిది. విక్రమార్కుడు మౌనంగా శవాన్ని మోసికొని పోయాడని మాత్రమే కథ చెపుతుంది. శవం ఎట్లా వ్రేలాడవలె, రాజు ముఖంలో భయం ఉండవలెనా లేక పట్టుదలయా అన్నది నిర్ణయించినవాడు కథకుడు కాడు. ‘చందమామ’ చిత్రకారుడు శంకర్. 2020 లో ఆయన కన్నుమూసిన మరుసటి సంవత్సరం పద్మశ్రీ ప్రకటించారు. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’లోని వింత లోకానికి ‘చిత్ర’ రూపమిచ్చాడు. ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య తనదైన రంగులు కూర్చాడు. పిల్లల పుస్తకంలో చిత్రకారుడు కథకు మొదటి పాఠకుడు; అతడు చదివిన తీరునే పిల్లవాడు ముందుగా చూస్తాడు.

ఆ చదువు లేకుండానే బొమ్మ తయారయ్యే కాలం వచ్చినది. 2022 డిసెంబరులో అమెరికాలో ఒక యువకుడు కథను ఒక యంత్రం చేత, బొమ్మలను మరొక యంత్రం చేత చేయించి, ‘ఆలిస్ అండ్ స్పార్కిల్’ అనే పిల్లల పుస్తకాన్ని మూడు రోజులలో ముగించాడు. బొమ్మలలోని చేతివ్రేళ్లు గోళ్లవలె ఉన్నాయని అప్పుడు నవ్వినవారున్నారు. వ్రేళ్లు త్వరలోనే చక్కబడినవి. నవ్వదగిన విషయం అది కాదు.

పోలెండు దేశపు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ డ్రాగన్లను, మంత్ర యోధులను చిత్రించడంలో పేరు పొందినవాడు. ఆయన తీరులో బొమ్మ కావాలని కోరుతూ ఆ పేరును యంత్రాలకు చెప్పిన సందర్భాలు 2022 నాటికే వేల సంఖ్యలో లెక్కకు వచ్చినవి. తన పేరు వెదికితే తాను వేయని బొమ్మలు ఎదురవుతున్నాయని, తన సొంత చిత్రాలు వాటి క్రింద మరుగునపడతాయని ఆయన వాపోయాడు. 2025 మార్చిలో లోకమంతా తమ కుటుంబ ఛాయాచిత్రాలను జపానులోని జిబ్లీ చిత్రశాల తీరులోకి మార్పించుకొని మురిసినది. రూపచిత్రం వేయించుకొనడానికి చిత్రకారుని ఎదుట కూర్చొనే పనే లేకపోయినది.

తీరు ఎవరి సొత్తు? చట్టం దృష్టిలో ఎవరిదీ కాదు. కాపీరైటు వేసిన బొమ్మకే గాని వేసే పద్ధతికి లేదు. ఇది మంచిదే, లేకుంటే గురువు వద్ద నేర్చిన శిష్యుడు ప్రతివాడూ దోషి అయ్యేవాడు. అయితే శిష్యుడు పదేళ్లు నేర్చి ఏడాదికి ఏ వంద బొమ్మలో వేస్తాడు. యంత్రం కోట్ల చిత్రాలను అడగకుండా తీసికొని, గంటకు వేలాది బొమ్మలను దింపుతుంది. కనుక వివాదం తీరును గూర్చి కాక, ఆ చిత్రాలను తీసికొనడాన్ని గూర్చి సాగవలసి ఉన్నది. అమెరికాలో 2023 జనవరిలో కొందరు చిత్రకారులు వేసిన దావా సారాంశం ఇదే. అందలి ముఖ్యారోపణలు విచారణకు తగినవేనని 2024 ఆగస్టులో న్యాయమూర్తి అంగీకరించాడు.

మన దేశంలో చిక్కు మరొక చోట ఉన్నది. 1957 నాటి చట్టం ప్రకారం చిత్రకారుని మరణానంతరం అరవై సంవత్సరాల వరకు హక్కు నిలుస్తుంది. కాని ఆ హక్కు ఎవరిది? పత్రికలో ఉద్యోగిగా వేసిన బొమ్మకు, వేరే ఒడంబడిక లేనిచో, పత్రికలలో ప్రచురించుకొనే మేరకు మొదటి హక్కుదారు యజమాని. డబ్బిచ్చి వేయించుకొన్న రూపచిత్రమైతే, వేరే ఒడంబడిక లేనిచో, వేయించుకొన్నవారిదే. ఏ సందర్భంలోనైనా చిత్రకారునికి మిగిలేవాటిలో ఒకటి, ఇది తన పని అని చెప్పుకొనే హక్కు. ఆ కాస్త హక్కునూ మన ప్రచురణకర్తలలో అనేకులు లోపలి పుటలో చిన్న అక్షరాలతో సరిపెడతారు. కొందరు అదీ వేయరు.

2025 లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘం, యంత్రాలకు శిక్షణ నిమిత్తం వాడే రచనలకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చి, హక్కుదారులకు రాయల్టీ పంచాలని ప్రతిపాదించినది. హక్కుదారు కాదనడానికి వీలుండదు, డబ్బు మాత్రం వస్తుంది. కాగితంపై ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఒక్కొక్క బొమ్మకు ఇంత అని ఒకేసారి పుచ్చుకొని, ఏ ఒప్పందమూ వ్రాసికొనక, ముప్పయి ఏళ్లు బాలల పుస్తకాలకు బొమ్మలు వేసిన తెలుగు చిత్రకారుడు ఏ పత్రం చూపి ఆ పాలు అడగగలడో ప్రతిపాదించినవారు చెప్పవలసి ఉన్నది.