అద్దె ఇంటి పేదకు ఆసరా ఏదీ?

ఒకటో తారీఖు దగ్గరపడుతుంటే తెనాలిలో ముఠా కూలీకైనా, బాపట్లలో నాలుగిళ్లలో అంట్లు తోమి బతికే తల్లికైనా, రేపల్లెలో కొట్టులో పనిచేసే కుర్రాడికైనా మొదటి దిగులు ఇంటి అద్దే. బియ్యానికి రేషన్ కార్డు ఉంది. జబ్బు చేస్తే ప్రభుత్వ వైద్య సేవ ఉంది. అద్దె కట్టలేని నెలలో చూపించడానికి మాత్రం ఏ కార్డూ లేదు.

మన గృహ విధానమంతా సొంతింటి చుట్టూనే తిరిగింది. 1979లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు చేపట్టింది. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ముప్పై లక్షలకు పైగా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. సొంతిల్లు పేదవాడి కల, అందులో తప్పేమీ లేదు. కానీ పట్టా చేతికొచ్చి, గోడలు లేచి, స్లాబు పడేదాకా ఆ కుటుంబం ఉండేది అద్దె పోర్షన్‌లోనే. ఒక చేత్తో ఇటుకలకు, మరో చేత్తో అద్దెకు కట్టాలి.

అద్దెకు ప్రభుత్వ సాయం అసలే లేదా అంటే, ఉంది. అది పన్ను కట్టే స్థోమత ఉన్నవారికి. పాత పన్ను విధానంలో ఉద్యోగి ఇంటి అద్దె భత్యానికి మినహాయింపు దొరుకుతుంది. ఆ భత్యం లేనివారికి నెలకు 5,000 రూపాయల దాకా ఊరట ఉంది. పన్ను పరిధిలోకే రాని కూలీకి దీనివల్ల పైసా ప్రయోజనం లేదు. ఇది అన్యాయం.

2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్డున పడ్డాక కేంద్రం చౌక అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. 2024లో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారిని ఈ పథకం ఆర్థికంగా బలహీన వర్గంగా లెక్కిస్తుంది. అయితే ఇందులో అద్దె డబ్బు చేతికివ్వరు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకు మార్చడానికో, కొత్తవి కట్టడానికో తోడ్పడతారు. కాబట్టి స్థానిక యంత్రాంగం కదలకపోతే పథకం కాగితం దాటదు.

అద్దెకే నేరుగా సాయం చేసే పద్ధతీ ఉంది. అమెరికాలో 1974 చట్టంతో మొదలైన అద్దె సాయంలో పేద కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం కడితే మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. అక్కడా అర్హుల్లో నలుగురిలో ఒక్కరికే అది అందుతోంది. పైగా ఇళ్లు పెరగకుండా డబ్బు మాత్రమే ఇస్తే అద్దెలూ పెరగవచ్చు. డబ్బూ కావాలి, ఇళ్లూ కావాలి.

చాలా పోర్షన్లలో అద్దె నోటిమాట మీదే నడుస్తుంది. కరారు, రసీదు లేకపోతే రేపు సాయం వచ్చినా అర్హత చూపేదెలా? రాష్ట్రాల కోసం కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక కరారు ఉండాలంది, ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె మున్సిపాలిటీలు అద్దెకుండే పేద కుటుంబాల జాబితా తయారుచేయాలి. స్టేషన్‌కూ, మార్కెట్‌కూ దగ్గరలో అద్దె ఇళ్లకు ప్రతిపాదనలు పంపాలి. ఇల్లు మంజూరై ఎదురుచూస్తున్నవారికి గృహప్రవేశం దాకా అద్దెలో కొంత రాష్ట్రం భరించాలి. సొంతిల్లు ఇస్తామన్న ప్రభుత్వానికి, అది వచ్చేదాకా ఆ కుటుంబం తలదాచుకునే చోటు చూపే బాధ్యత కూడా ఉంది.