ఒంటి చిలపకు బేరం లేదు

వికేంద్రీకృత డేటా నెట్‌వర్కులో మనిషి వివరాలు ఏ ఒక్క కంపెనీ సర్వర్లోనూ పోగుపడవు. గుప్తలిపిలోకి మారి సొంతదారు ఫోన్లోనో, ముక్కలై వేర్వేరు కంప్యూటర్లలోనో ఉంటాయి. తెరిచే తాళంచెవి సొంతదారు దగ్గరే ఉంటుంది. మందుల కంపెనీకో ప్రకటనల సంస్థకో ఆ వివరాలు కావాలంటే అనుమతి అడగాలి. అనుమతి ఇచ్చినందుకు డిజిటల్ టోకెన్లు జమవుతాయి. వాటిని క్రిప్టో మార్కెట్లో అమ్ముకోవచ్చు. ఎవరు, ఎప్పుడు, దేనికి ఒప్పుకున్నారన్నది బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టాకెక్కి చెరపరానిదిగా మిగులుతుంది. ఊరికే పోతున్న దానికి ధర కట్టి ఇప్పిస్తామంటే కాదనేవారు ఎవరు?

ఆంధ్రప్రదేశ్‌కు ఈ ఊహ కొత్తది కాదు. విశాఖపట్నంలో ఫిన్‌టెక్ వ్యాలీ పేరుతో బ్లాక్‌చెయిన్ సంస్థలను రప్పిస్తున్న రోజుల్లో, 2018లో, యూరప్‌కు చెందిన షివోమ్ అనే సంస్థతో రాష్ట్ర ప్రభుత్వం అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. 5 కోట్ల మంది డీఎన్ఏ వివరాలను బ్లాక్‌చెయిన్ మీద భద్రపరచడం అప్పట్లో చెప్పిన లక్ష్యం. షివోమ్ పద్ధతిలో తన జన్యు సమాచారాన్ని పరిశోధనకు వాడుకోనిచ్చిన వ్యక్తికి ఓమిక్స్ అనే టోకెన్లు ప్రతిఫలంగా వస్తాయి. ఆ టోకెన్ల అమ్మకం అదే ఏడాది జరిగింది. 5 కోట్ల మంది డీఎన్ఏ మాత్రం ఎవరూ సేకరించలేదు. టోకెను ముందే సంతకెక్కింది, దానితో కొనాల్సిన సరుకు రానేలేదు. ఈ రంగంలో ఈ వరస మామూలే.

సరుకు వచ్చి ఉంటే సొంతదారుకు ఎంత దక్కేది? జన్యువులకు కాకపోయినా, మామూలు ఫోను వాడకానికి లెక్క కట్టవచ్చు. మెటా సంస్థ ప్రకటించిన లెక్కల ప్రకారం 2023 చివరి 3 నెలల్లో ఫేస్‌బుక్‌కు ఒక్కో వినియోగదారు మీద అమెరికా, కెనడాలలో సగటున 68 డాలర్లు, ఆసియా-పసిఫిక్ దేశాల్లో ఐదున్నర డాలర్లు వచ్చాయి. ఐదున్నర డాలర్లంటే అప్పటి మారకంలో సుమారు 460 రూపాయలు. అది కూడా జపాన్, ఆస్ట్రేలియాలను కలుపుకున్న సగటు. బ్రేవ్ బ్రౌజర్ తన ప్రకటనల ఆదాయంలో 70 శాతాన్ని చూసినవారికే టోకెన్లుగా ఇస్తానంది. అంత ఉదారమైన వాటా వేసినా 3 నెలలకు చేతికొచ్చేది 320 రూపాయలు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 300. మూడు నెలల ఫేస్‌బుక్ జాడలన్నీ అప్పగిస్తే ఒక రోజు మట్టి పని కూలి వస్తుందన్నమాట. అదీ టోకెను ధర పడిపోకుండా ఉంటే. అమ్మితే లాభంలో 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నష్టం వస్తే దాన్ని మరో లాభంలో సర్దుకోనివ్వరు.

ధర ఇంత తక్కువగా ఉండడానికి కొనేవాడి పిసినారితనం ఒక్కటే కారణం కాదు. ఒక్క మనిషి వివరానికి విడిగా విలువ లేదు, పోగుకే విలువ. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీ నూలు వడికేవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్కడ వడికే మనిషి వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటుంది. ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తుంది. ఆ పోగు వెంట్రుకలా ఉంటుంది. రోజంతా కూర్చుంటే తయారయ్యే కొద్ది చిలపలతో (నూలు చుట్టలతో) పంచె రాదు. వాటిని వీధిలోకి తీసుకెళ్తే కొనేవాడు లేడు. 1949 నుంచి ఉన్న ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం చిలపలను పోగుచేసి, నేతగాళ్లకిచ్చి, బట్టను అమ్ముతుంది కాబట్టే ఆ నూలుకు కూలి పడుతోంది. కూలి చాలడం లేదన్నది వేరే గొడవ, న్యాయమైన గొడవే. కానీ అడగడానికి ఒక గుమ్మం ఉంది. టోకెన్ నెట్‌వర్కు ఆ గుమ్మాన్ని తీసేసి, ప్రతి మనిషినీ ఒంటరిగా బేరానికి నిలబెడుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మూలం ఇంతవరకూ తేలలేదు. కవిటి, సోంపేట, పలాస వైపు ఊళ్లలో పరిశోధక బృందాలు ఎన్నోసార్లు రక్తం, మూత్రం, తాగునీటి నమూనాలు పట్టుకెళ్లాయి. అక్కడ ఒక రైతు రక్తపరీక్ష కాగితం ఏ సంస్థకూ అక్కరకు రాదు. వేలమందివి ఏళ్ల తరబడి కలిపి చూస్తేనే ఏదైనా తేలుతుంది. పైగా జన్యు సమాచారం ఒకరి సొత్తు కాదు. అన్న తన డీఎన్ఏ అమ్మితే చెల్లెలి గుట్టు కూడా సగం బయటపడినట్టే. మేనరికాలున్న కుటుంబాల్లో ఆ పాలు మరింత ఎక్కువ. టోకెన్లు మాత్రం అన్న ఖాతాలోనే పడతాయి.

తాళంచెవి మాట కూడా చూడాలి. అది పోతే మళ్లీ పుట్టించడం చాలా నెట్‌వర్కుల్లో కుదరదు. ఇంటికంతా ఒకే ఫోను, ఓటీపీ వస్తే మనవడో నెట్ సెంటర్ కుర్రాడో చదివిపెట్టడం ఉన్న చోట, తాళంచెవి సొంతదారు చేతిలోనే ఉంటుందనడం కాగితం మీది మాట.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో జనం వివరాలు బయటపడ్డ ప్రముఖ ఉదంతాల్లో టోకెను ఆపగలిగేది ఒక్కటీ కనబడదు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట పడి ఉన్నాయని చూపింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపుల పేజీలు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఉన్న భూమి దస్తావేజుల మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు చేసి వేల సిమ్‌లను యాక్టివేట్ చేశాడు. పింఛనుకో పట్టాకో వేలిముద్ర వేసే మనిషి అనుమతి అమ్ముకోవడం లేదు, ఇవ్వక తప్పక ఇస్తున్నాడు. పాస్‌వర్డు మార్చుకోవచ్చు గానీ వేలు మార్చుకోలేరు.

డబ్బు అవసరం ఉన్నచోట ఇష్టపూర్వకమైన అనుమతి ఎంత పలచనో వరల్డ్‌కాయిన్ అనే క్రిప్టో ప్రాజెక్టు చూపింది. 2023లో కంటిపాపను స్కాన్ చేయించుకుంటే టోకెన్లు ఇస్తామనగానే నైరోబీలో జనం బారులు తీరారు. ఆగస్టులోనే కెన్యా ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. సేకరించిన ఆనవాళ్లను చెరిపేయాలని 2025 మేలో అక్కడి హైకోర్టు ఆదేశించింది.

భారత చట్టం టోకెన్ల దారి పట్టలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వివరాలను చెరిపించుకునే హక్కు ఇస్తుంది. వ్యక్తిగత వివరాలు చెరపడానికి వీల్లేని బ్లాక్‌చెయిన్‌కెక్కితే ఆ హక్కుతో పొత్తు కుదరదు. అనుమతులను మనిషి తరఫున చూసుకోవడానికి ‘కన్సెంట్ మేనేజర్’ అనే మధ్యవర్తిని ఆ చట్టమే పెట్టింది. 2025 నవంబరు నిబంధనల ప్రకారం ఈ మధ్యవర్తుల నమోదు 2026 నవంబరు నుంచి. చిలపలకు సంఘం ఉన్నట్టు వివరాలకూ ఒక సంఘం ఉండడానికి ఇంతకన్నా దగ్గరి చోటు చట్టంలో ఇంకొకటి లేదు. స్విట్జర్లాండ్‌లో 2015లో పుట్టిన మిడేటా అనే సహకార సంఘం సభ్యుల ఆరోగ్య వివరాలను ఈ పద్ధతిలోనే చూస్తోంది. ఏ పరిశోధనకు ఇవ్వాలో సభ్యులే తేలుస్తారు, విడిగా ఎవరికీ డబ్బు ముట్టదు.

కానీ మన నిబంధనలు ఆ పనికి కంపెనీ అయి ఉండాలనీ, కనీసం 2 కోట్ల రూపాయల నికర విలువ ఉండాలనీ అంటున్నాయి. సొసైటీకో సహకార సంఘానికో అందులో చోటు లేదు. ఉద్దానం రోగులు, పొందూరు వడుకరులు సంఘంగా కలిసి తమ వివరాలకు ఇలాంటి కాపలా పెట్టుకోవాలన్నా నిబంధనలు ఒప్పుకోవు. నమోదు మొదలయ్యేలోపు కంపెనీయే అయి ఉండాలన్న ఆ ఒక్క షరతును కేంద్రం సడలించాలి.