బావి దిగిన తీరు లెక్కలోకి రావాలి

అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి హేవలాక్ వంతెన మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 1997లో రైళ్లు ఆగిపోయిన ఆ పాత వంతెనను పర్యాటక కేంద్రం చేస్తారట. మంచిదే. అయితే మాటలన్నీ నీటి పైన కనిపించే గర్డర్ల చుట్టూనే తిరుగుతున్నాయి. 1900 నుంచి ఆ బరువంతా మోస్తున్నది ఏటి ఇసుకలోకి దించిన బావులు.

గోదావరి ఇసుకలో బావి దించి దానిమీద కట్టడం లేపడం ఇక్కడ పాత విద్యే. బ్రిటిష్ ఇంజనీరు కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్టను కొద్ది అడుగుల లోతు బావుల మీదే నిలబెట్టాడు. అంతులేని ఇసుకలో పునాది వేసే కిటుకు ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. తర్వాత కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టి వచ్చిన ఇంజనీరు వాల్టన్, 1897 నవంబరులో పని మొదలుపెట్టి, 56 ఖానాల హేవలాక్ వంతెనను మూడేళ్లు నిండకుండానే పూర్తిచేశాడు.

కోనసీమలో ఇంటి నూతికి వరలు దించడం చూసినవాళ్లకు ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. లోపల మన్ను తోడుతుంటే వర తన బరువుకి తానే దిగుతుంది. వంతెన బావికి వర బదులు మందపాటి కాంక్రీటు గోడ. ఇంజనీర్లు దాన్ని స్టైనింగ్ అంటారు. అడుగున ఉక్కు కటింగ్ ఎడ్జ్. తోడేది క్రేనుకు వేలాడే గ్రాబ్.

ఇవాళ ఇలాంటి పునాదిని ప్లాక్సిస్ వంటి ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తారు. నేలను చిన్నచిన్న ముక్కల వలగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద ఎంత ఒత్తిడి పడిందో, అది ఎంత జరిగిందో లెక్కకడతారు. చిక్కల్లా మొదటి మెట్టులోనే ఉంది. చాలా నమూనాల్లో బావి దిగదు, ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. ఫలానా లోతు దాకా ఇసుక తీసేసి కాంక్రీటు పెట్టామని ఒక్క మీట నొక్కి చెప్పేస్తారు. మామూలు ఫైనైట్ ఎలిమెంట్ వల కొద్దిపాటి కదలికలనే తట్టుకుంటుంది. బావిని నిజంగానే ముప్పై మీటర్లు కిందికి నెడితే ముక్కలు నలిగి లెక్క ఆగిపోతుంది. మెటీరియల్ పాయింట్ పద్ధతిలాంటివి దీన్ని దాటగలవు కానీ కంప్యూటరు సమయాన్ని బాగా మింగేస్తాయి. అందుకే అడ్డదారి.

ఆ అడ్డదారిలో ఏం పోతుందో చూద్దాం. పది మీటర్ల వ్యాసం, మీటరున్నర మందం గోడ ఉన్న బావి అనుకోండి. నీటిలో మునిగాక మీటరు ఎత్తు గోడ బరువు సుమారు 60 టన్నులు. గోడను పట్టుకునే ఇసుక రాపిడి సగటున చదరపు మీటరుకు రెండు టన్నులైతే, అదే మీటరుకు దాదాపు 63 టన్నులు. అంటే బావి దిగనని మొరాయిస్తుంది. గోడకూ ఇసుకకూ మధ్య పట్టు విలువను నమూనాలో పదో వంతు తగ్గిస్తే చాలు, అదే బావి జారిపోతుంది. సైటులో మాత్రం పైన బరువులు పేర్చాలి, లేదా జాకీలతో నొక్కాలి.

అంతకన్నా ప్రమాదం లోపలి నీటిమట్టం. బావిలో నీరు నది మట్టం కంటే బాగా తగ్గితే, కటింగ్ ఎడ్జ్ కింద నుంచి ఇసుక లోపలికి ఒక్కసారిగా పొంగుతుంది. బయటి ఇసుక వదులై ఒక పక్క కుంగుతుంది, బావి వాలుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాలుకు పెట్టిన హద్దు 80కి 1. ముప్పై మీటర్ల బావి మీద అది అడుగుంబావు. ఆ హద్దు లోపలే బావిని నిలబెట్టినా, చుట్టూ వదులైన ఇసుక వదులుగానే మిగులుతుంది. ఉన్నట్టుండి ప్రత్యక్షమైన బావి చుట్టూ మాత్రం కంప్యూటరులో చెదరని ఇసుకే ఉంటుంది. ఈ తేడా వరదల్లో ముఖ్యం. పియర్ల (వంతెన స్తంభాల) దగ్గర నది ఇసుకను కోసేస్తుంది కాబట్టే బావి లోతును కోత లోతుకు మూడో వంతు అదనంగా ఉంచుతారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినట్టు మళ్లీ వస్తే, కోత తర్వాత పట్టి ఉంచాల్సింది ఆ అడుగు భాగమే.

నా అభిప్రాయంలో ఇక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ కంటే సైటు రిజిస్టరు ఎక్కువ పని చేస్తుంది. ఏ రోజు ఎంత దిగింది, ఎంత ఇసుక తోడారు, లోపలా బయటా నీటిమట్టం ఎంత, వాలు ఎటు అన్నవి నాలుగు గళ్లు. తోడిన ఇసుక బావి ఘనపరిమాణం కంటే బాగా ఎక్కువుంటే, చుట్టూ నేల వదులైందన్నమాట. నమూనాలో ఆ మేరకు ఇసుక బలాన్ని తగ్గించి మళ్లీ లెక్కకట్టొచ్చు. గోదావరి మీద ఇకపై కట్టే ప్రతి వంతెన టెండరులోనూ ఈ రిజిస్టరును కాకినాడ జేఎన్‌టీయూ వంటి సంస్థలకు ఇవ్వాలన్న షరతు ఉండాలి. హేవలాక్ విషయంలో నిర్మాణ కాలపు కాగితాలు వెతకడంతో పాటు, పర్యాటకుల కోసం పెట్టే దీపాల టెండరు కంటే ముందు బావుల పక్కన బోరు వేసి, వరద తగ్గాక పియర్ల దగ్గర ఏటి అడుగు ఎంత కోసుకుపోయిందో కొలవాలి.