లెక్క యెఱిగినవాడు దోషియా?

అమెరికాలోని మాసచూసెట్సు రాష్ట్ర ప్రభుత్వము 2004 నుండి 2012 వరకు క్యాష్ విన్‌ఫాల్ అను లాటరీని నడపెను. చీటీ వెల 2 డాలర్లు. 46 అంకెలలో 6 కోరుకొనవలెను. పెద్ద బహుమానము 20 లక్షల డాలర్లకు చేరియు దానిని గెలిచినవా డెవ్వడును లేనిచో, ఆ ధనము క్రింది తరగతుల బహుమానములకు పంచబడునని నియమము. ఇది రహస్యము కాదు, ప్రకటించిన నియమమే. అట్టి వారములలో చీటీ వెలకంటె సగటు రాబడియే హెచ్చని గుణించి తెలిసికొన్నవారు కొందఱు గలరు. మిషిగను రాష్ట్రపు చిన్న పట్టణమున నుండు వృద్ధదంపతులును వారి మిత్రులును ఒక జట్టు, ఎం.ఐ.టి. విద్యార్థులు మఱియొక జట్టు. వీరు లక్షలకొలది చీటీలు కొని లాభపడిరి. 2011లో సంగతి పత్రికల కెక్కగానే, ఇది మోసమని కొందఱును, బుద్ధిబలమని కొందఱును వాదింపసాగిరి.

దూరదేశపు ముచ్చట మనకేల యని యడుగువా రుందురు. కేరళ ప్రభుత్వము 1967 నుండి లాటరీ నడపుచునే యున్నది. 1998 నాటి కేంద్రచట్టము ఇతర రాష్ట్రములకును ఆ దారి మూయలేదు. అదియుగాక, జూదమున ధర్మ మెవ్వరి పక్షమున నున్నదో విచారించుట మనకు భారతకాలము నుండియు అలవాటైన పనియే.

మొదట జూదశాల మాట. జూదశాలవాడు అదృష్టమును నమ్మి తలుపులు తెఱవడు. ప్రతి యాటలోను మొగ్గు తనవైపున నుండునట్లు ముందుగనే లెక్కగట్టుకొని, వేలమంది యాడినకొలది ఆ లెక్క తప్పదని యెఱిగి, నిశ్చింతగా నిద్రించును. అట్టివాడు, ఎదుట కూర్చున్నవాడును లెక్క నేర్చినంతనే అన్యాయమని మొఱపెట్టుట మాకు వింతగా దోచుచున్నది. ఎడ్వర్డు థార్పు అను గణితాచార్యుడు, బ్లాక్‌జాక్ ఆటలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొన్నచో మొగ్గును ఆటగానివైపు త్రిప్పవచ్చునని 1962లో పుస్తకము వ్రాసి చూపెను. ఇట్టి యాటగాడు ముక్కను దాచడు, మార్చడు, చూచును, గుర్తుంచుకొనును. అంతమాత్రమునకే నెవాడా జూదశాలలు అట్టివారిని బయటికి పంపుచు వచ్చినవి. న్యూజెర్సీ సుప్రీంకోర్టు మాత్రము 1982లో కెన్ ఉస్టను వ్యాజ్యమున, జూదనియంత్రణ సంఘపు నిబంధన లేనిదే జూదశాల తనంతట తాను వారిని వెలివేయజాలదని తీర్చెను. మన సుప్రీంకోర్టో, 1967లో సికిందరాబాదు క్లబ్బొకదానికి సంబంధించిన వ్యాజ్యమున, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలసి యుండుటను గూడ ఎత్తిచూపి, అది ప్రధానముగా నైపుణ్యముతో గూడిన యాటయని చెప్పినది. ఒకచోట నైపుణ్యమని మన్నింపబడిన జ్ఞాపకశక్తి వేఱొకచోట నేర మెట్లగును?

నలుని కథ తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. పుష్కరునితో జూదమాడి రాజ్యము గోల్పోయినవాడు, ఋతుపర్ణునకు సారథియై, చెట్టుమీది యాకులను కాయలను చూచినంతనే లెక్కింపగల ఆ రాజునొద్ద అక్షహృదయము నేర్చుకొని, తిరిగివచ్చి ఆ జూదముననే రాజ్యమును గెలిచెను. నలుడు మోసగాడని చెప్పిన పౌరాణికుని మేము వినలేదు. శకునిని మెచ్చినవానిని అంతకంటె వినలేదు. పాచికల మర్మము ఇరువురకును దెలియును. ఒకడు దానిని నేర్చెను, ఒకడు దానిని కపటమునకు వాడెను.

2017లో ఇంగ్లండు సుప్రీంకోర్టు ఫిల్ ఐవీ వ్యాజ్యమున విచారింపవలసి వచ్చినదియు ఈ భేదమునే. 2012లో లండను జూదశాల యొకదానియందు ఆతడు రెండు దినములలో సుమారు 77 లక్షల పౌండ్లు గెలిచెను. ముక్కల వెనుకటి అచ్చు రెండంచులను సరిసమానముగా లేకుండుట కనిపెట్టి, శకునముల పట్టింపు గలవానివలె నటించి, తనకు గావలసిన ముక్కలను పంచువారిచేతనే త్రిప్పించెను. తాను మోసగించుట లేదని ఆతడు మనఃపూర్వకముగా నమ్మినను, అది మోసమే యని కోర్టు నిర్ణయించెను. జూదశాలపై మాకు జాలి లేదు. తీర్పు మాత్రము సరియైనదే. ఉన్న లోపమును చూచుట వేఱు. అబద్ధమాడి ఎదుటివాని చేతులతో ఆటను తన కనుకూలముగా దిద్దించుకొనుట వేఱు.

ఇక విన్‌ఫాల్ వారి సంగతి. పత్రమున సందిగ్ధమున్నచో దానిని వ్రాసినవానికే ప్రతికూలముగా అర్థము చేయవలెనని న్యాయవాదులమైన మేము నిత్యము కోర్టులలో వాదించువారమే. నియమమును వ్రాసినది ప్రభుత్వము. దానిని చదివి గుణించినవారు దోషులనుటకు మాకు నోరాడదు. అయినను మా మనస్సు పూర్తిగా నిశ్చింతగా లేదు. ఏలయన, ఇచ్చట ఎదుట నున్నది జూదశాల మాత్రమే కాదు. ప్రభుత్వపు పాలు ప్రతి చీటీనుండియు ముందుగనే తీసివేయబడినది. పంపకమునకు వచ్చిన ధనము వారముల తరబడి కొట్టుకొట్టున ఒకటి రెండు చీటీలు కొన్నవారిది. 2010 ఆగస్టులో ఎం.ఐ.టి. జట్టు, పెద్ద బహుమానము ఇంకను 16 లక్షల ప్రాంతమున నుండగనే, సుమారు 7 లక్షల చీటీలు ఒక్కసారి కొని దానిని హద్దు దాటించెను. పంపకము రానున్నదని ఇతరు లెఱుగరు. నియమ మేదియు దీనిని నిషేధింపలేదు. అట్లని, దీనిని అచ్చువేసిన నియమమును చదివినంత నిర్మలమైన పనియని మేము చెప్పలేము. ఎఱుగనివాని యజ్ఞానమే ఇచ్చట లాభమునకు మూలమైనది.

ఆ రాష్ట్రపు తనిఖీ అధికారి 2012లో విచారించి, సామాన్యుని చీటీ గెలుచు నవకాశము దీనివలన తగ్గలేదని నివేదించెను. నిజమే. కాని పంపకపు వారములలో వాటా గోరు చీటీలు హెచ్చినకొలది ఒక్కొక్కరి వాటా చిన్నదగును. ఇది కూడికలు నేర్చిన పిల్లవానికిని దెలియును. లాటరీ యధికారులు ఈ కొనుగోళ్లను ఏండ్ల తరబడి ఎఱిగియు నూరకుండిరని ఆ విచారణముననే తేలినది. అందఱికి నొక్కటే యదృష్టమని ప్రకటనలు చేయుచు, ఏ వారము కొనిన లాభమో ఎఱిగినవారికి చీటీ లమ్మి తన పాలు తాను తీసికొన్నది ప్రభుత్వము. వృద్ధదంపతులను బోనెక్కింపవలె ననువారు మొదట ఈ వ్యాపారిని బోనెక్కింపవలెను.

2012 జనవరిలో ఆ లాటరీ నిలిపివేయబడినది. ఎంత గుణించినను కొనువానికి నష్టమే తేలు తక్కిన లాటరీల చీటీలు ఆ కొట్లలోనే అమ్ముడుపోవుచు వచ్చినవి. వానిని గూర్చి విచారణ కోరినవా రెవ్వరును మాకు కనబడలేదు.