వాక్పారుష్యానికి హాస్యమని పేరు పెట్టవచ్చునా?



“హాస్యాన్ని హాస్యంగానే గ్రహించాలి, ఫిర్యాదు చేయడం అసహనానికి చిహ్నం” అనే వాదం విద్యావంతుల నోట తరచుగా వినవస్తున్నది. టెలివిజన్ వ్యాఖ్యాత యొకడు పరదేశాన్ని ఎగతాళి చేయగా, ప్రేక్షకులు అభ్యంతరం తెలిపితే, దోషం వ్యాఖ్యాతది కాక ప్రేక్షకునిదే అయిపోతున్నది. ఈ వాదం శాస్త్రవిరుద్ధమని నా నిశ్చితాభిప్రాయం.

2010 అక్టోబరులో జరిగినది స్మరించండి. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడల కాలం. న్యూజిలాండ్ ప్రభుత్వ టెలివిజన్‌లో ప్రాతఃకాల కార్యక్రమం నడిపే పాల్ హెన్రీ అనే వ్యాఖ్యాత, నాటి ఢిల్లీ ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ గారి ఇంటిపేరును ఆంగ్లంలోని ఒక అశ్లీల శబ్దంతో ముడిపెట్టి పగలబడి నవ్వాడు. దీక్షితుడనగా ఎవరు? సోమయాగాదులకై దీక్ష వహించినవాడు. వ్రతనియమాలతో, మితవాక్కుతో ఉండవలసినవాడు. అప్పయ్య దీక్షితేంద్రులు, ముత్తుస్వామి దీక్షితులు ధరించిన నామమది. వాఙ్నియమాన్ని సూచించే పదమే వాగ్దోషానికి విషయం కావడం ఎంత విపరీతం!

అదే వ్యాఖ్యాత ఆ రోజులలోనే తమ దేశపు గవర్నర్ జనరల్ ఆనంద్ సత్యానంద్ గారిని ఉద్దేశించి, రాబోయే గవర్నర్ జనరల్ అయినా న్యూజిలాండ్ వానివలె కనబడి, వినబడే వాడేనా అని ప్రధానమంత్రిని అడిగాడు. సత్యానంద్ గారు ఆక్లండ్‌లో జన్మించినవారు. తల్లిదండ్రులు ఫిజీ భారతీయులు. తండ్రి పేరు ముత్యాల సత్యానంద్. ఆ పేరు వినగానే తెలుగువాని చెవి నిక్కపొడుచుకొనకుండునా? మద్రాసు రేవు నుండి ఓడలెక్కి ఫిజీ చెరకుతోటలకు కూలికి పోయినవారిలో మన ఆంధ్రులూ ఉన్నారు కదా.

ఫిర్యాదులు వెల్లువెత్తాయి. సంస్థ మొదట సమర్థించుకున్నది. జనులు లోలోపల తలచి, పైకి చెప్ప వెరచేదానిని ఈయన చెబుతాడు గనుకనే ప్రేక్షకులకు ప్రీతి అన్నది! తరువాత భారత ప్రభుత్వం ఢిల్లీలోని న్యూజిలాండ్ హైకమిషనర్‌ను పిలిపించి నిరసన తెలిపింది. అక్టోబరు 10న వ్యాఖ్యాత రాజీనామా చేశాడు. మరుసటి సంవత్సరం బ్రిటన్‌లో బీబీసీ వారి టాప్ గేర్ కార్యక్రమంలో మెక్సికో ప్రజలను సోమరులని పరిహసించి, వారి రాయబారి నిద్రలో ఉంటాడు గనుక ఫిర్యాదు రాదన్నారు. రాయబారి మేల్కొనే ఉన్నాడు, లేఖ వ్రాశాడు.

ఇక శాస్త్రం. వాక్పారుష్యం మన ధర్మశాస్త్రాలలో కేవలం నీతివిషయం కాదు. పదునెనిమిది వ్యవహారపదాలలో ఒకటి, అనగా న్యాయసభలో విచారింపదగినది. నారదస్మృతి దానిని నిర్వచిస్తూ నిందకు గురియయ్యే వాటిలో మొట్టమొదట పేర్కొన్నది దేశాన్నే; జాతి, కులం ఆ తరువాతనే వచ్చాయి. “ఉన్నమాటే అన్నాను” అనేవానికి మనువు సమాధానం ఉన్నది: ఒంటికంటివానిని ఒంటికంటివాడని నిజమే పలికినా దండ్యుడే.

కౌటిల్యుడు మరింత సూక్ష్మదర్శి. అంగవైకల్యాన్ని ఎత్తిచూపిన మాట సత్యమైతే మూడు పణాలు, అసత్యమైతే ఆరు. గుడ్డివానిని “ఆహా, ఎంత చక్కని కన్నులు!” అని స్తుతినింద చేస్తే పన్నెండు! వ్యంగ్యానికి అబద్ధం కంటె రెట్టింపు దండన. ఏల? తిట్టు తిన్నవాడు తిరిగి తిట్టగలడు. వ్యంగ్యానికి గురియైనవాడు నోరెత్తితే “నీకు హాస్యం తెలియదు” అని రెండవ దెబ్బ కొడతారు. ఇది నా ఊహ, ఆచార్యుని వాక్యం కాదు. గాంధారం వంటి జనపదాల పేరెత్తి నిందించడాన్ని కూడ ఆయన ఈ ప్రకరణంలోనే చేర్చాడు. గాంధారం మగధకు పరదేశమే గదా!

శాస్త్రం హాస్యద్వేషి అని ఎవరైనా అంటే నాట్యశాస్త్రం చూడవలెను. నవరసాలలో హాస్యానికి పీఠం వేసినది మనమే. స్మితం నుండి అతిహసితం వరకు ఆరు భేదాలు చెప్పి, చివరి రెండింటిని అధమప్రకృతులకు కేటాయించాడు భరతముని. మన విదూషకుడు ఎవరిని నవ్వుకు గురిచేస్తాడు? తన బట్టతలను, తన తిండిపోతుతనాన్ని, ఎదుటనే కూర్చున్న మహారాజును. సముద్రాల కవతల ఉన్నవానిని, బదులు చెప్పలేనివానిని కాదు.

దీక్షిత నామానికి జరిగిన అవమానం విని మండిపడేవారు మన టీవీ హాస్య కార్యక్రమాలను ఒక్క సాయంకాలం పరిశీలించండి. నేపాలీ కావలివాని హిందీ ఉచ్చారణ, ఆఫ్రికా వాని దేహవర్ణం, చైనా వాని కన్నులు, ఇవే కదా సరుకు! మన మెట్టుగూడ నుండి తార్నాక వైపు నాలుగడుగులు వేస్తే ఇఫ్లూ, ఉస్మానియా ఆవరణలు. నానా దేశాల విద్యార్థులు అక్కడ చదువుకొంటున్నారు. తెలుగు నేర్చిన విదేశీయుడొకడు ఆ కార్యక్రమం చూస్తే, అతిథిని దేవుడనే మన మాటకు ఏమి విలువ కట్టాలి?

చట్టం లేదా? ఉన్నది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలలో ఆరవ నియమం, జాతి, భాషా, ప్రాంతీయ వర్గాలను కించపరచే, వెక్కిరించే ధోరణిలో చూపరాదంటున్నది. మిత్రదేశాలను విమర్శింపరాదనే మాట కూడ అందులో ఉన్నది గాని, అది నాకు సమ్మతం కాదు. ఒక ప్రభుత్వపు విధానాన్ని విమర్శించడం వాక్పారుష్యం కాదు. ఆ దేశస్థుని ముక్కును, మాటను, పేరును వెక్కిరించడమే వాక్పారుష్యం. పై రెంటినీ కలిపివేస్తే, ఆక్షేపించవలసిన రాజ్యాలు తప్పించుకొంటాయి, కావలివాడు మాత్రం ఎగతాళికి మిగిలిపోతాడు.

గీత పదునేడవ అధ్యాయంలోని వాఙ్మయ తపస్సును శంకర భగవత్పాదులు వ్యాఖ్యానిస్తూ, అనుద్వేగకరత్వం, సత్యం, ప్రియం, హితం అనే నాలుగూ కూడినప్పుడే అది తపస్సు, ఒక్కటి లోపించినా కాదన్నారు. ఫిర్యాదు వ్రాసేవానికీ ఈ నాలుగూ వర్తిస్తాయి. దూషణకు దూషణ వ్రాయకండి. చానల్ పేరు, కార్యక్రమం, తేదీ, వేళ, పలికిన మాట, ఇంతమాత్రం చాలును. 2021లో సవరించిన నియమాల ప్రకారం చానల్ వారు ఇరువది నాలుగు గంటలలో అందినట్లు తెలిపి, పదునైదు దినాలలో బదులీయవలెను. తృప్తి కలుగకుంటే ప్రసారకర్తల స్వీయనియంత్రణ మండలికి పంపవచ్చును. వ్రాతలో సందేహమున్నవారు సాయంకాల హారతి అనంతరం ఆలయ మంటపానికి రండి, కాగితం కలం అక్కడే ఉంటాయి.