అవ్వ పిల్లిని తరమొద్దు

మన హోసూరు, కృష్ణగిరి పక్క పల్లెల్లో పిల్లికి రెండే పనులు చెప్తారు. ఒకటి ఎలుకల్ని పట్టడం. రెండోది, బయటికి పోయేవాళ్లకు ఎదురొచ్చి తిట్లు తినడం. "పిల్లి అడ్డమొచ్చింది, రవ్వంతసేపు కూసోని పో" అనని ఇల్లు తక్కువ. అది చేసే మూడో పని ఇంకొకటి ఉంది. మనిషికి తోడుగా ఉండడం. దాన్ని మనం లెక్కలోకి తీసుకోవడం లేదని నా అభిప్రాయం.

మొదటి పని చిన్నదేం కాదు. రాగులు నిలవుంచే ఇంట్లో, పట్టుపురుగులు మేపే షెడ్డులో ఎలుక చేరితే ఎంత నష్టమో రైతుల బిడ్డలకు చెప్పాల్సిన పని లేదు. పురుగునూ తింటాది, గూడునూ కొరుకుతాది. అందుకే పిల్లిని ఉండనిస్తారు.

ఇక మూడో పని. పిల్లలు బెంగళూరికో, సిప్‌కాట్ ఫ్యాక్టరీలకో పోయినాక పగలంతా ఇంట్లో మిగిలేది అవ్వ. ఆమె ఎవరితో మాట్లాడాల? అరుగు మీది పిల్లితో. పొద్దున్నే అది కాళ్లకు రాసుకుంటూ తిరిగితే ఆమె లేస్తాది. దానికి ఇంత పెట్టాలి కాబట్టి తానూ వేళకు తింటాది. మనమేమో "ముసలామెకు పిల్లి పిచ్చి" అని నవ్వుతాం.

అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 249 మంది కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం 2019లో అచ్చయింది. కొందరిని 10 నిమిషాలు కుక్కల్ని, పిల్లుల్ని నిమరనిచ్చారు. కొందరు పక్కన నిలబడి చూశారు, కొందరు వాటి బొమ్మలు చూశారు, ఇంకొందరు ఊరికే కూర్చున్నారు. తర్వాత లాలాజలం పరీక్ష చేస్తే, చేత్తో నిమిరినవాళ్లలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మిగతావాళ్ల కంటే తక్కువగా ఉంది. సెమిస్టర్ పరీక్షల ముందు మన ముఖాలు చూసుకుంటే ఇది మనకెంత దగ్గరి విషయమో తెలుస్తుంది. పిల్లి ఉంటే రోగాలే రావని నేను అనను. పది నిమిషాల నెమ్మది కూడా ఆరోగ్యమే అంటాను.

"పిల్లి వెంట్రుకతో ఉబ్బసం వస్తాది, కడుపుతో ఉన్నామె పిల్లి జోలికి పోరాదు" అంటారు. ఈ భయంలో కొంత నిజముంది. అలర్జీ ఉన్నవాళ్లకు పిల్లి ఎంగిలిలో, చర్మంలో ఉండే ప్రొటీన్ పడదు. వాళ్లు దూరంగా ఉండడమే మేలు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు. అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకని కడుపుతో ఉన్నవాళ్లు కాకుండా ఇంకొకరు రోజూ దాన్ని ఎత్తేయాలి. సరిగా ఉడకని మాంసంతోనూ అదే క్రిమి వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లి కరిచినా, రక్కినా సబ్బు పెట్టి, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. రేబిస్ కుక్కల వల్లే రాదు.

మత్తిగిరిలో సర్కారు పశువుల ఫారం ఉన్న ప్రాంతం మనది. ఆవుకు జబ్బు చేస్తే అర్ధరాత్రయినా డాక్టరును పిలుస్తాం. టీకా వేయించడానికి పిల్లిని తీసుకుపోతే మాత్రం నవ్వుతారు. తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి పిల్లిని బెదరగొట్టిన కథ మనకందరికీ తెలుసు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అసలు పాలే అరగవని ఎందరికి తెలుసు? దానికి కావలసింది నీళ్లు, కాస్త మాంసమో చేపో.

అన్నిటికంటే బాధ కలిగించేది గోనెసంచి. కూనల్ని అందులో వేసి ఊరవతల వదిలేస్తారు. తల్లి అరుస్తూ ఇల్లంతా వెతుకుతాది. ఆడపిల్లి అయిదారు నెలలకే చూలు కట్టగలదు, రెండు నెలలకు పిల్లల్ని పెడుతుంది. ఎన్ని సంచులు మోస్తే తీరుతుంది? ఒక్క ఆపరేషన్‌తో తీరిపోయే పని ఇది.

ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు అవ్వ పిల్లిని తరమకండి. దాన్ని పశువుల ఆస్పత్రికి తీసుకుపోయి టీకా వేయించండి. అవ్వకు మనం రోజూ తోడుండలేం. ఉండేదాన్నయినా ఉండనిద్దాం.