పెదనాన్న పేరు పక్కన ఎవరీ కుర్రాడు?

ఆగిపోయిన రిస్టువాచీ, ఏ పెట్టెదో గుర్తులేని తాళంచెవి, అట్ట ఊడిన బ్యాంకు పాసుపుస్తకం... ఇలాంటి సామాను దాచే సొరుగు ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కాస్త చెయ్యిపెట్టి వెతికితే, కళ్లజోడు పెట్టెలా మడతపడే నల్లటి వస్తువొకటి తగలొచ్చు. తెరిస్తే పైన బుల్లి తెర, కింద చీమల బారులా మీటలు. డిజిటల్ డైరీ! 1990ల్లో దుబాయ్ నుంచో, మస్కట్ నుంచో వచ్చిన బాబాయి సెంటు సీసాలతో పాటు తెచ్చిన కానుక. నలుగురిలో ఉన్నప్పుడు దాన్ని జేబులోంచి తీసి టకటకా నొక్కి నంబరు చెబితే, ఆ దర్జాయే వేరు! కొన్నాళ్లకి అమెరికా వెళ్లొచ్చిన కంప్యూటర్ ఇంజినీర్ల జేబుల్లో దాని తమ్ముడు కనిపించాడు. మీటలుండవు, పుల్లలాంటి పెన్నుతో తెరమీద రాయడమే. పేరు పామ్ పైలట్.

ఇప్పుడు ఆ రెండింటి పనీ స్మార్ట్‌ఫోనే చేసేస్తోంది. బాగానే చేస్తోంది కూడా. అయితే పాతదాంట్లోని పేర్లను కొత్తదాంట్లోకి ఎక్కించడం, బిందెలో నీళ్లు బకెట్లోకి పోసినంత తేలిక మాత్రం కాదు. ఎక్కాక ఆ పేర్లు ఉన్నట్టు ఉండవు మరి!

ముందు పామ్ సంగతి కాస్త చెప్పుకోవాలి. జేబు డైరీలన్నింట్లోనూ ముచ్చటైనది అదే. అమెరికాలో జెఫ్ హాకిన్స్ అనే ఇంజినీరు 1992లో పామ్ కంప్యూటింగ్ కంపెనీ పెట్టాడు. చేతిలో పట్టే యంత్రాలు అప్పటికి లేవని కాదు. ఇంగ్లండులో సియాన్ కంపెనీ 1984లోనే ఆర్గనైజర్ తెచ్చింది. ఆపిల్ 1993లో న్యూటన్ పేరుతో ఒకటి అమ్మింది. ధర చూస్తే గుండె గుభేల్, జేబులో చూస్తే పట్టదు, పైగా మనం రాసింది ఒకటైతే అది చదివేది ఇంకొకటి! 1998లో ఆపేశారు. హాకిన్స్ మాత్రం యంత్రం తయారుచేయకముందే తన చొక్కా జేబుకు సరిపోయేలా ఓ చెక్కముక్క కోసుకున్నాడు. కొన్నాళ్లపాటు దాన్నే జేబులో వేసుకు తిరిగాడు. ‘ఫలానా రోజు ఖాళీయేనా?’ అని ఎవరైనా అడిగితే ఆ చెక్కను తీసి, చైనావాళ్లు అన్నం తినే పుల్లతో దానిమీద గీకి చూసుకున్నట్టు నటించేవాడు. చూసేవాళ్లు ఏమనుకున్నారోగానీ, ఏ పనికి ఎన్ని మీటలు కావాలో, ఏవి అక్కర్లేదో అతనికి అలాగే తెలిసింది. ఆ చెక్కముక్క ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

1996లో మొదటి పైలట్ వచ్చింది. ధర 299 డాలర్లు. మెమరీ 128 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే ‘శుభోదయం’ గులాబీ బొమ్మ ఒక్కటే చాలాసార్లు అంతకంటే బరువుంటుంది! ఆ కాస్త చోటులోనే వందలకొద్దీ చిరునామాలు, ఏడాది పనులు పట్టేవి. గోడగడియారంలో వేసే సన్నబ్యాటరీల కంటే చిన్నవి రెండు వేస్తే వారాల తరబడి నడిచేది. మనిషి రాతను చదవడం యంత్రానికి నేర్పలేక అందరూ తలలు పట్టుకుంటుంటే, హాకిన్స్ తిరగేసి ఆలోచించాడు. మనిషికే యంత్రం రాత నేర్పాడు. దాని పేరు గ్రాఫిటీ. ఇంగ్లిషు ‘ఎ’ రాయాలంటే మధ్య అడ్డగీత ఉండకూడదు, పూరింటి కప్పులా రెండు గీతలు వాలిస్తే చాలు. పెద్దపెద్ద ఆఫీసర్లు పలక పట్టిన పిల్లల్లా కూర్చుని మళ్లీ అక్షరాలు దిద్దుకున్నారు. పైలట్ పెన్నుల కంపెనీ పేరు మీద పేచీ పెట్టడంతో తరవాత అది ఉత్త పామ్ అయింది.

దాని సుగుణం ఇంకొకటుంది. అడిగితే చెబుతుంది, అడగకపోతే నోరు మూసుకుంటుంది. మీరు పెట్టుకున్న అలారం తప్ప దానంతట అది పిలిచేది ఏమీ లేదు. భోజనాల దగ్గర దాన్ని చూస్తూ కూర్చున్న మనిషి ఉండి ఉండడు.

ఇక మన ఇళ్లల్లో ఈ డైరీల్లోకి ఏమేం ఎక్కాయంటే... గ్యాస్ కన్స్యూమర్ నంబరు, ఎల్ఐసీ పాలసీ వివరాలు, పిల్లాడి బ్లడ్ గ్రూపు, అమ్మాయి నక్షత్రం, చీటీ ఎవరు ఏ నెలలో పాడారో ఆ లెక్క. అన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే, ఎందుకంటే వాటికి తెలుగు రాదు. కనకదుర్గ పిన్ని ‘కె’లో ఉందో, ‘పి’ అంటే పిన్నిలో ఉందో రాసినవాళ్లకే తెలియాలి. తద్దినాలతో ఇంకో చిక్కు. ‘ప్రతి నెలా రెండో శుక్రవారం’ అంటే పామ్‌కి అర్థమవుతుంది. ‘మాఘ బహుళ తదియ’ అంటే తెల్లమొహం వేస్తుంది. ఏటా ఉగాదికి కొత్త క్యాలెండర్ చూసి తేదీ వెతికి, మళ్లీ ఎక్కించాల్సిందే. ఇంట్లో ఆ పని చేసే మనిషి ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరి చేతిలోనే డైరీ ఉండేది.

ఇప్పుడు ఆ పేర్లు ఫోనులోకి ఎలా వస్తాయి?

పామ్ ఉన్నవాళ్లు కాస్త అదృష్టవంతులు. దాన్ని కంప్యూటర్ పక్కనున్న స్టాండులో నిలబెట్టి మీట నొక్కితే, ఇందులోవి అందులోకి, అందులోవి ఇందులోకి సర్దుకునేవి. హాట్‌సింక్ అనేవారు దాన్ని. కంప్యూటర్‌లో ఆ పాత సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంటే చిరునామాలన్నీ ఒక ఫైలుగా తీసి, గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కించొచ్చు. కానీ ఇళ్లల్లోకి 64 బిట్ విండోస్ వచ్చేసరికి పామ్ యూఎస్‌బీ తీగను అది గుర్తుపట్టనంది. దానికి కావాల్సిన డ్రైవర్‌ను కంపెనీ ఇవ్వలేదు. అప్పటికే కంపెనీ పరిస్థితి అంతంతమాత్రం. 2002లో ట్రియో పేరుతో ఫోనూ డైరీ కలిపి తెచ్చిన ఘనత హాకిన్స్ బృందానిదే అయినా, 2007లో ఐఫోన్ వచ్చాక ఆట మారిపోయింది. 2010లో పామ్‌ను హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు కొని, మరుసటేడే ఆ ఫోన్ల తయారీ ఆపేసింది. అన్నట్టు, పామ్ చివర్లో తయారుచేసిన వెబ్ఓఎస్ చచ్చిపోలేదు. చేతులు మారి ఎల్‌జీ టీవీల్లో చేరింది. ఆ టీవీలున్నవాళ్లు రోజూ సీరియల్ చూసేది పామ్ మనవడి మీదనే!

డిజిటల్ డైరీలకు ఆ భాగ్యమూ లేదు. కంప్యూటర్‌కు కలిపే తీగ విడిగా కొనాలి, కొన్నవాళ్లు ఎక్కడోగానీ ఉండరు. పైగా వాటి జ్ఞాపకమంతా బిళ్ల బ్యాటరీల మీదే. అసలు బ్యాటరీ ఒకటి, అది మార్చేటప్పుడు ఆదుకోవడానికి ఇంకొకటి. రెండూ ఒకేసారి తీస్తే అంతే సంగతులు! ఏళ్లపాటు సొరుగులో ఉన్నదాంట్లో ఏమీ మిగలకపోవచ్చు. తెర ఇంకా వెలుగుతోందంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఒకరు చదవడం, ఒకరు ఫోనులో కొట్టడం. వేరే దారి లేదు. అదే మంచిదేమో కూడా. తీగతో అయితే నిమిషంలో అయిపోయే పని ఇలాగైతే ఆదివారమంతా సాగుతుంది, ఇలా...

‘‘నాన్నా, కేవీఆర్ అని ఉంది. ఎవరు?’’

‘‘మా హెడ్‌క్లర్కు గారమ్మా. రిటైరయ్యాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఉంచు.’’

‘‘ఐదంకెల నంబరే ఉంది. ఇది మోగదు.’’

‘‘మోగకపోతే పోనీ. ఉంచు.’’

ఐదంకెల నంబర్లు ఎప్పుడో పోయాయి. 2000ల మొదట్లో ల్యాండ్‌లైన్లకు ముందు 2 చేరింది. ఆపైన ల్యాండ్‌లైన్లే పలచబడ్డాయి. సెల్ నంబర్లు కూడా మొదట్లో కంపెనీ మారినప్పుడల్లా మారేవి. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే కంపెనీ మార్చుకునే వీలొచ్చింది. అప్పట్నుంచి నంబరంటే మనిషికి ఇంటిపేరులాంటిదైపోయింది. బ్యాంకు, ఆధార్, గ్యాస్... అన్నీ దానికే ముడిపడ్డాయి.

మరి ఆ మనిషే పోతే?

రీఛార్జి చేసేవాళ్లుండరు. కొన్నాళ్లకు నంబరు రద్దవుతుంది. అలా రద్దయిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ తరవాత ఇవ్వొచ్చు. 2023లో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు ట్రాయ్ చెప్పింది ఇదే. పెదనాన్న పోయి ఆరేళ్లయినా ఆయన సెల్ నంబరు తీసేయడానికి మనసొప్పక, డైరీలోంచి ఫోనులోకి ఎక్కించారనుకోండి. సాయంత్రం వాట్సాప్ తెరిస్తే, ‘పెదనాన్న’ అన్న పేరు పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని, బైకు మీద కాలు వేసిన కుర్రాడు! ఇంట్లోవాళ్లకు ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచదు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, డబ్బు కట్టి సిమ్ కొనుక్కున్నాడు. అతని అవస్థ అతనిది, ఎవరెవరో పెళ్లిపిలుపులు పంపిస్తుంటారు.

పాత డైరీలో పేరు ఒక రాత. రాసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండేది. కేవీఆర్ గారు అందులో ఎప్పటికీ హెడ్‌క్లర్కే, పెదనాన్న ఎప్పటికీ తెనాలిలోనే. ఫోనులో పేరు రాత కాదు, తీగ. అవతలి కొసన ఎవరున్నారో వాళ్లను లాక్కొస్తుంది. మనిషి పోయాక కూడా ఆయన పేరు ఇంట్లో ఉండాలనుకునేవాళ్లు చేయాల్సింది చిన్న పనే. నంబరును ఫోను గడిలోంచి తీసి, ‘నోట్స్’ గడిలో రాసుకుంటే సరి. వాట్సాప్ అక్కడ వెతకదు. పేరూ ఊరూ అలాగే ఉంటాయి. కావాలంటే తద్దినం తిథి కూడా అక్కడే రాసుకోవచ్చు. అంతకంటే ముందు ఆ నంబరు ముడిపడి ఉన్న బ్యాంకు ఖాతాల్లో ఇంకో నంబరు ఇప్పించుకోవడం అవసరం. లేకపోతే పెదనాన్న ఖాతా కబుర్లన్నీ ఆ బైకు కుర్రాడికి వెళ్తాయి.

ఇంకో సంగతి. డైరీలో ‘వడ్డీల సుబ్బమ్మ’ అని రాసుకుంటే అది మీకూ డైరీకీ మధ్య ముచ్చట. ఫోనులో నంబరు చూసి పేరు చెప్పే ఆప్‌లు వచ్చాయి. కాంటాక్ట్స్ చూస్తామంటే సరేనని నొక్కేస్తే, వాటిలో కొన్ని మీరు రాసుకున్న పేరును పట్టుకెళ్లి నలుగురికీ చూపిస్తాయి. సుబ్బమ్మగారు చూడకపోతే మీ అదృష్టం!

ఒక లాభం మాత్రం చెప్పుకోకపోతే అన్యాయం. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చినప్పుడు తెలుగుకు అందులో చోటు దొరికింది. పిన్నిని ఇప్పుడు పిన్ని అనే రాసుకోవచ్చు. ఐఫోన్‌తో 2018 ఫిబ్రవరిలో ఓ తమాషా జరిగింది. మన ‘జ్ఞా’ అక్షరం మధ్యలో కంటికి కనిపించని సంకేతం ఒకటి చేరిన రూపం మెసేజీలో వస్తే చాలు, ఆ ఆప్ కుప్పకూలేది. జ్ఞాపకం మొదలయ్యేదే ఆ అక్షరంతో మరి! కొద్దిరోజుల్లోనే ఆపిల్ దాన్ని సరిచేసింది.

అసలైన భయం మాత్రం పాతదానికీ కొత్తదానికీ ఒక్కటే. డిజిటల్ డైరీలో రహస్యం అరొకటి ఉండేది, పాస్‌వర్డ్ పెడితేగానీ తెరుచుకోదు. మరిచిపోతే మొత్తం చెరిపేసుకోవడమే. పామ్ కూడా అంతే, పాస్‌వర్డ్ గుర్తులేదంటే దాచినవన్నీ తుడిచేస్తానని బెదిరించేది. ఫిక్స్‌డ్ డిపాజిట్ నంబర్లు రాసుకున్న పెద్దాయన చెప్పకుండా పోతే, పిల్లలు ఆ బుల్లి తెర ముందు పుట్టినరోజులూ, పెళ్లిరోజులూ కొట్టి చూసేవాళ్లు. ఫోనులో డైరీతో పాటు ఫొటోలు, ఉత్తరాలు, డబ్బులు కూడా ఆ ఒక్క తాళం వెనకే ఉన్నాయి. రెండేళ్లు వాడని ఖాతాలను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తీసేయడం మొదలుపెట్టింది. బతికుండగానే ‘నేను ఇన్ని నెలలు కనిపించకపోతే ఫలానావాళ్లకు ఇవ్వండి’ అని రాసిపెట్టుకునే ఏర్పాటు అందులో 2013 నుంచీ ఉంది. ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అంటారు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోను తీసుకుని వాళ్లను పక్కనే కూర్చోబెట్టుకుని చేస్తే పది నిమిషాల పని. ఆ మాట ఎలా ఎత్తాలన్నదే కష్టం. ఆపిల్ ఇలాంటిదే 2021 డిసెంబరులో తెచ్చింది. మీరు పేరు పెట్టినవాళ్లకు ఓ కీ ఇస్తుంది. దాన్ని కాగితం మీద ప్రింటు తీసి ఎల్ఐసీ బాండ్లున్న కవర్లో పెట్టుకోవచ్చు. రేపు ఖాతా తెరవాలంటే ఆ కాగితంతో పాటు మరణ ధ్రువీకరణ పత్రం కూడా చూపించాలి.